గల్ఫ్ పైసలు: జీతం నీది.. ఖాతా ఎవరిది?

2025 డిసెంబర్‌ల డాలర్ 90 రూపాయలు దాటింది. గల్ఫ్‌ల ఉన్న మనోళ్ల నడుమ ఒక్కటే చర్చ. ‘ఇప్పుడే పంపాల్నా, ఇంకింత పెరిగేదాక ఆగాల్నా?’ అని. ఆ చర్చల తప్పేం లేదు. దుబాయ్ దిర్హమ్, సౌదీ రియాల్ రెండూ డాలర్‌కు కట్టేసిన కరెన్సీలే. డాలర్‌కు 3.6725 దిర్హమ్‌లు, 3.75 సౌదీ రియాళ్లు అని లెక్క ఖాయం చేసి పెట్టిన్రు. రూపాయి పడితే మనోళ్ల చేతికి ఎక్కువ రూపాయలు వస్తయ్. డాలర్ 80 ఉన్నప్పుడు దిర్హమ్‌కు 21 రూపాల 78 పైసలు వస్తే, 90 అయినప్పుడు 24 రూపాల 50 పైసలు వస్తయ్. నెలకు వెయ్యి దిర్హమ్‌లు పంపేటోనికి దగ్గర దగ్గర 2,700 రూపాయల తేడా.

కాని రేటు మన చేతిల లేదు. మన చేతిల ఉన్నది ఇంకోటి. ఆ పైసలు యాడ పడుతున్నయ్, ఎవరి పేరు మీద ఉన్నయ్, ఎట్ల వస్తున్నయ్ అన్నది. రేటు గురించి రోజూ మాట్లాడుకుంటున్నం. బ్యాంకు ఖాతా గురించి మాత్రం విమానం ఎక్కేటప్పుడు అడిగేటోడు లేడు, చెప్పేటోడు లేడు. పదేండ్లు ఎండల కష్టపడి వచ్చినంక ‘నా పైసలేవి?’ అని అడుగుతున్న మనోళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురన్న కనవడ్తరు. వాళ్లల్ల చాలామందిని ముంచింది రేటు కాదు, ఖాతా.

రిజర్వ్ బ్యాంకు 2025 మార్చిల ఇచ్చిన లెక్కల ప్రకారం 2023–24ల విదేశాల నుంచి దేశానికి వచ్చిన పైసలు 118.7 బిలియన్ డాలర్లు. అందుల తెలంగాణ వాటా 8.1 శాతం. మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు తర్వాత మనమే. దేశాల లెక్కన చూస్తే అమెరికా నుంచి 27.7 శాతం, యూఏఈ నుంచి 19.2 శాతం. అంటే ఇది ఏదో నలుగురి ముచ్చట కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ ఊర్లల్ల కట్టిన స్లాబు ఇండ్ల ముచ్చట. అటు కడప, రాజంపేట నుంచి కువైట్ పోయినోళ్ల ముచ్చట, గోదావరి జిల్లాల నుంచి పోయిన ఆడోళ్ల ముచ్చట సుత.

అక్కడి ఖాతా: కంపెనీ చేతిల పెట్టిన కార్డు

గల్ఫ్‌కు పోయిన కూలీకి అక్కడ బ్యాంకు ఎంచుకునే మోకా చాలాసార్లు రానే రాదు. కంపెనీ ఏ బ్యాంకుతోని ఒప్పందం చేసుకుంటే అందుల్నే జీతం పడ్తది. చాలా బ్యాంకులు ‘ఇంత జీతం ఉంటేనే ఖాతా, ఖాతాల ఇంత ఉంచాలె, లేకుంటే నెల నెలా కోత’ అంటయ్. తక్కువ జీతపోళ్లకు అందుకే ఖాతా బదులు జీతం కార్డు ఇస్తరు. ఆ కార్డు ఏటీఎంల పెడితే పైసలు వస్తయ్. కాని అది పూరా బ్యాంకు ఖాతా కాదు. చెక్కు బుక్కు ఉండదు, దాసుకుంటే మిత్తి రాదు, కంపెనీ మారితే కార్డు పోతది.

అట్లని ఆ కార్డును తేలికగా తీసుకోవద్దు. జీతం బ్యాంకు ద్వారానే ఇయ్యాలన్న రూలు యూఏఈల 2009ల వచ్చింది. సౌదీల 2013 నుంచి, ఖతర్‌ల 2015 నుంచి అసుంటి పద్ధతే మొదలైంది. వేజ్ ప్రొటెక్షన్ సిస్టం అంటరు. ఏ కూలీకి ఏ నెల ఎంత పడ్డదో అక్కడి కార్మిక శాఖకు కనవడాలన్నది దీని మతలబు. కూలీకి దీంతోని వచ్చే అసలు లాభం రుజువు. రేపు కంపెనీ మూతపడ్డా, మూడు నెలల జీతం ఎగ్గొట్టినా, ఖాతా స్టేట్‌మెంటే సాక్షి. 2020ల కరోనా టైంల లేబర్ క్యాంపుల నుంచి ఉన్నపళంగ ఇండ్లకు వచ్చినోళ్ల ముచ్చట యాదికి తెచ్చుకోన్రి. రావాల్సిన జీతాలు, సర్వీసు పైసలు వదిలేసి వచ్చినోళ్లల్ల కాగితం చేతిల ఉన్నోనికి కొట్లాడే దారి దొరికింది. చేతికి నగదు తీసుకున్నోనికి ఏ దారీ లేదు.

అందుకే కొన్ని కంపెనీలు ఇంకో ఎత్తు వేస్తయ్. కార్డు, పిన్ నంబరు సూపర్‌వైజర్ దగ్గర్నే పెట్టుకుంటయ్. లెక్కల కోసం ఖాతాల పూరా జీతం వేస్తరు, కొంత వెనుకకు గుంజుకుంటరు. కాగితం మీద అంతా బరాబరే ఉంటది. కాబట్టి మొదటి మాట: కార్డు మీ చేతిలనే ఉండాలె, పిన్ మీ నెత్తిలనే ఉండాలె, జీతం పడ్డ మెసేజ్ మీ ఫోన్‌కే రావాలె. ప్రతి మూడు నెలలకు ఒకసారి స్టేట్‌మెంట్ తీసి ఫొటో ఇంటికి పంపి పెట్టాలె. ఫోన్ పోయినా, రాత్రికి రాత్రి దేశం విడిచి రావాల్సి వచ్చినా ఆ ఫొటో పనికొస్తది.

ఇంకో మాట. కార్డుల, ఎక్స్‌ఛేంజ్ వాలెట్ల పైసలు నెలల కొద్ది దాసి పెట్టుకోవద్దు. 2020 మార్చిల యూఏఈ ఎక్స్‌ఛేంజ్ అన్న పెద్ద కంపెనీ ఒక్కసారిగ కొత్త లావాదేవీలు బందు పెట్టింది. అక్కడి సెంట్రల్ బ్యాంకు నడుమల రావాల్సి వచ్చింది. గల్లీ గల్లీకి బ్రాంచి ఉన్న కంపెనీకే ఆ గతి పట్టింది. ఎక్స్‌ఛేంజ్ పైసలు పంపే తోవ మాత్రమే, దాసుకునే సందుగ కాదు.

ఇక్కడి ఖాతా: పాత సేవింగ్స్ నడవదు

ఇగ మన దిక్కు. గల్ఫ్‌కు పోయెటోళ్లల్ల సగం మందికి తెలువని రూలు ఒకటున్నది. పని కోసం దేశం దాటి పోయినంక విదేశీ మారకం చట్టం కింద మీరు ప్రవాసి అయితరు. అప్పటిదాక ఉన్న మామూలు సేవింగ్స్ ఖాతాను అట్లనే నడపొద్దు. బ్యాంకుకు చెప్పి దాన్ని ఎన్‌ఆర్‌వో ఖాతాగ మార్పించాలె. అక్కడ సంపాదించినవి దాసుకునేటందుకు ఎన్‌ఆర్‌ఈ అని వేరే ఖాతా తెరవాలె.

రెండిటి తేడా సీదా చెప్పుకుందాం.

ఎన్‌ఆర్‌ఈ ఖాతాల విదేశాల నుంచి వచ్చిన పైసలే పడాలె. ఊర్ల వచ్చే కౌలు, వడ్ల పైసలు, ఇంటి కిరాయి అందుల వేయొద్దు. దాని మీద వచ్చే మిత్తికి, ప్రవాసిగ ఉన్నన్ని రోజులు, ఇక్కడ ఇన్‌కం టాక్స్ లేదు. ఆ పైసలు మల్ల విదేశానికి తీసుకపోవాలంటే అడ్డు లేదు.

ఎన్‌ఆర్‌వో ఖాతా ఇక్కడి సంపాదన కోసం. పొలం కౌలుకిచ్చినా, ప్లాటు అమ్మినా, షాపు కిరాయి వచ్చినా అందుల్నే పడాలె. దాని మిత్తి మీద బ్యాంకే 30 శాతం పన్ను, దానిమీద సెస్సు పట్టుకుంటది. ఆదాయం పన్ను పడేంత లేనోళ్లు రిటర్న్ వేసి వాపసు అడగొచ్చు. కాని ఆ పని చేసేటోళ్లు తక్కువ. ఎన్‌ఆర్‌వో నుంచి బయట దేశానికి పంపుడుకు ఏడాదికి 10 లక్షల డాలర్ల హద్దు ఉన్నది. మన కూలీలకు ఆ హద్దుతోని పనిలేదు గాని, కాగితాలు మాత్రం అడుగుతరు.

ఇప్పుడు లెక్క చూడున్రి. గల్ఫ్ నుంచి పంపిన లక్ష రూపాయలు ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌ల 7 శాతానికి పెట్టిండనుకుందాం. ఏడాదికి 7 వేలు పూరాగ చేతికొస్తయ్. అదే లక్ష ఎన్‌ఆర్‌వోల పెడితే 2 వేల పైచిలుకు పన్ను కింద పోతయ్. పైస తేడా లేని కష్టం, ఖాతా పేరుల మాత్రం ఒక్క అక్షరం తేడా. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ తక్కువల తక్కువ ఏడాది ఉంచాలె. ఏడాది నిండకముందే తీస్తే మిత్తి రాదు. అది యాది పెట్టుకోవాలె.

అయితే డిపాజిట్ మాట కన్నా ముందు మాట్లాడాల్సింది అప్పు గురించి. వీసాకు, ఏజెంటుకు ఊర్ల నూటికి 2 రూపాల మిత్తికి తెచ్చినోడు ఏడాదికి లక్షకు 24 వేలు కడ్తున్నడు. బ్యాంకు ఇచ్చేది 7 వేలు. ఆ అప్పు తీరేదాక డిపాజిట్ చేసుడంటే ఓటు బిందెల నీళ్లు పోసినట్టే. రేటు కోసం ఆగుడు సుత గంతే. 2 లక్షల అప్పు మీద నెలకు 4 వేల మిత్తి నడుస్తుంటే, వెయ్యి దిర్హమ్‌ల మీద 50 పైసల రేటు పెరుగుతదని నెల రోజులు ఆగితే వచ్చేది 500 రూపాయలు. ముందు అప్పు తెంపాలె. తర్వాతనే దాసుకునే ముచ్చట.

అన్న ఖాతాల పడ్డ పైసలు

ఇంటింటి లొల్లి ఇక్కడ్నే మొదలైతది. పోయేటప్పుడు ఎన్‌ఆర్‌ఈ ఖాతా లేకపాయె. పైసలు నాయిన ఖాతాకో, అన్న ఖాతాకో, బామ్మర్ది ఖాతాకో పంపుడు షురువైతది. నమ్మకం మీద నడుస్తది, కొన్ని ఇండ్లల్ల నమ్మకం నిలుస్తది సుత. కాని బ్యాంకు దృష్టిల ఖాతా ఎవరి పేరు మీద ఉంటే పైసలు వాళ్లయే. ఆ పైసలతోని కొన్న జాగ ఎవరి పేరు మీద రిజిస్ట్రేషన్ అయితే జాగ వాళ్లదే. ఎనిమిదేండ్లు పంపిన లెక్కంతా నోటి లెక్కనే అయితది. పంచాయితీల పెద్దమనుషుల ముందు కూసున్నప్పుడు ‘తిండికి, పెండ్లిళ్లకు, దవాఖానలకే అయిపోయినయ్’ అంటే ఎదురు మాట్లాడేటందుకు కాగితం ఉండదు.

అన్నదమ్ములను అనుమానించాలని చెప్తలేను. ఖాతా సక్కగ ఉంటే అనుమానం వచ్చే జాగనే ఉండదు. ఇంటి ఖర్చుకు పంపేది వేరే, దాసుకునేది వేరే పెట్టుకోవాలె. ఇంటి ఖర్చు పైసలు భార్య పేరు మీదున్న ఆమె సొంత ఖాతాకు నెల నెలా పోవాలె. ప్రతి పైసకు అత్తమామలనో, మరిదినో అడుక్కునే పరిస్థితి ఆమెకు రావొద్దు. దాసుకునే పైసలు మీ ఎన్‌ఆర్‌ఈలనే ఉండాలె. అందుల ఇక్కడుండే దగ్గరి బంధువును జాయింట్‌గ పెట్టుకోవచ్చు. మీరు ఉన్నన్ని రోజులు ఖాతా మీదే, మీ తర్వాత వాళ్లది అన్న షరతు మీద బ్యాంకు పెడ్తది. అవసరం ఉన్నప్పుడు ఇక్కడ తీసి వాడేటందుకు వాళ్లకు పవర్ ఆఫ్ అటార్నీ ఇయ్యొచ్చు.

ఇంకో పెద్ద గండం పాత ఖాతాతోని ఉన్నది. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ మూడూ దోస్తు చేతిల పెట్టి విమానం ఎక్కేటోళ్లు ఉన్నరు. సైబర్ దొంగలకు కావాల్సింది అసుంటి ఖాతాలే. నెలకు ఇంతని కిరాయి ఇచ్చి ఊరి పిలగాళ్ల ఖాతాలు తీసుకొని, ఎక్కడెక్కడి నుంచో కొల్లగొట్టిన పైసలు అందుల నుంచి దాటిస్తున్నరు. కేసు పడేది మాత్రం ఖాతా ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల మీద. మీరు మస్కట్‌ల మేస్త్రీ పని చేస్తుంటే ఇక్కడ మీ పేరు మీద ఎఫ్‌ఐఆర్ ఉంటది. సెలవుకు దిగినప్పుడు ఎయిర్‌పోర్టుల తెలుస్తది. ఖాతా వాడకుంటే మూసేయాలె, లేదంటే ఎన్‌ఆర్‌వోగ మార్పించాలె. ఎవ్వరికీ ఇయ్యొద్దు. మోసం జరిగిందని తెలిసిన గడియల 1930కి ఫోన్ కొట్టుమని ఇంటోళ్లకు చెప్పి పెట్టాలె.

ఏ బ్యాంకు మంచిది?

అందరు అడిగేది ఇదే. బ్యాంకు పేరు చెప్పుడు తేలిక. కాని ఒకనికి మంచిదైన బ్యాంకు ఇంకొకనికి పనికిరాకపోవచ్చు. పేరు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నయ్.

ఒకటి, మీ ఊరికి దగ్గరున్న బ్రాంచి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరుస్తదా? ఊరి సొసైటీలల్ల ఇది కాదు. గ్రామీణ బ్యాంకులు, సహకార బ్యాంకులల్ల అనుమతి ఉన్నయే తెరుస్తయ్. ముందే అడగాలె. ఇంట్ల ముసలి అవ్వయ్య ఉంటే 40 కిలోమీటర్ల దూరం ఉన్న బ్రాంచి వాళ్లకు శిక్షనే.

రెండు, అక్కడి ఫోన్ నంబరుతోని ఖాతా నడుస్తదా? ఇక్కడి సిమ్ దాదాపు మూడు నెలలు వాడకుంటే, రీఛార్జ్ చేయకుంటే కంపెనీ బందు పెట్టి ఆ నంబరు ఇంకొకనికి ఇచ్చే ప్రమాదం ఉన్నది. అప్పుడు మీ ఓటీపీ వేరేటోని ఫోన్‌కు పోతది. సిమ్ నడిపించాలె, లేకుంటే విదేశీ నంబరు ఎక్కించే బ్యాంకు చూసుకోవాలె. యూపీఐ సంగతి సుత ఇట్లనే. 2023 జనవరిల ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌వో ఖాతాలకు విదేశీ నంబర్ల మీద యూపీఐ ఇచ్చేటందుకు మొదట 10 దేశాలకు మోకా ఇచ్చిన్రు. అందుల సౌదీ, యూఏఈ, ఖతర్, ఒమన్ ఉన్నయ్. మన కడపోళ్లు ఎక్కువున్న కువైట్ ఆ మొదటి జాబితాల లేదు.

మూడు, ఖాతాల ఎంత ఉంచాలె? ఎన్‌ఆర్‌ఈ ఖాతాలకు కొన్ని ప్రైవేటు బ్యాంకులు పెద్ద మొత్తం అడుగుతయ్. తగ్గితే కోత పెడ్తయ్. ప్రభుత్వ బ్యాంకులల్ల ఇది సాధారణంగ తక్కువ ఉంటది. యాప్ మంచిగుండుడు, కౌంటర్ల మర్యాద చేసుడు చూసి పడిపోవద్దు. కోతల పట్టిక కాగితం మీద అడగాలె.

నాలుగు, బ్యాంకు మునిగితే ఎంత వస్తది? ఒక బ్యాంకుల ఒక మనిషికి, మిత్తితో కలిపి, 5 లక్షల దాకనే బీమా ఉన్నది. 2020ల లక్ష నుంచి 5 లక్షలకు పెంచిన్రు. అదే ఏడాది మార్చిల యస్ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టి 50 వేల కన్నా ఎక్కువ తీయొద్దన్నరు. కొన్ని రోజులకే ఎత్తేసిన్రు గాని, బిడ్డ పెండ్లి ముందట ఆ కొన్ని రోజులే చాలు. 5 లక్షలు దాటితే రెండు బ్యాంకులల్ల పెట్టుడు మంచిది.

ఐదు, బ్యాంకు విలీనం అయితే మీ కాగితాలు మారినయా? స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐల కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకుల కలిసింది. ఇట్ల కలిసినప్పుడు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు మారుతయ్. ఎక్స్‌ఛేంజ్‌ల ఎప్పుడో రాసిచ్చిన పాత కోడ్‌తోనే పంపుతుంటే పైసలు నడుమల చిక్కుకుంటయ్.

ఈ కాగితాల పని విమానం ఎక్కకముందే షురువు చేయాలె. పాస్‌పోర్టు, వీసా కాపీలు పెట్టి ముందే అడగొచ్చు. అక్కడికి పోయినంక పంపాలంటే ఎంబసీ, నోటరీ ముద్రలు అడుగుతరు. దానికి ఒక రోజు కూలీ పోతది, బస్సు కిరాయి పోతది.

పంపుడు: ‘ఫీజు లేదు’ అంటే నమ్మొద్దు

పైసలు పంపుడుల రెండు ఖర్చులు ఉంటయ్. ఒకటి కనవడే ఫీజు. రెండోది కనవడని రేటు కోత. బజార్ల దిర్హమ్ 24.50 ఉంటే మీకు 24.20 కట్టిస్తరు. ఆ 30 పైసలు వాళ్ల జేబుల పడ్తయ్. వెయ్యి దిర్హమ్‌ల మీద 300 రూపాయలు, రెండేండ్లల్ల 7,200. ‘ఫీజు జీరో’ అని బోర్డు పెట్టినోడు సుత ధర్మానికి పని చేస్తలేడు. కాబట్టి ఫీజు ఎంత, రేటు ఎంత అని వేర్వేరుగ అడగొద్దు. ‘ఇయ్యాల వెయ్యి ఇస్తే మా ఇంటి ఖాతాల ఎన్ని రూపాయలు పడ్తయ్?’ అని ఒక్కటే ప్రశ్న మూడు జాగలల్ల అడగాలె. ఎక్కువ చెప్పినోనికే ఇయ్యాలె.

పైసలు పంపే తోవలల్ల అన్నిటికన్నా ఖరీదైనవి బ్యాంకులేనని ప్రపంచ బ్యాంకు లెక్కలు ఏండ్ల కొద్ది చెప్తున్నయ్. అందుకే ఖాతా ఉన్న బ్యాంకు నుంచే పంపాలన్న రూలు ఏం లేదు. లైసెన్సు ఉన్న ఎక్స్‌ఛేంజ్, యాప్ ఏదైనా పర్వాలేదు. పంపే ఖర్చు 2030 నాటికి 3 శాతం లోపలికి తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకున్నది. గల్ఫ్‌ల మనోళ్లు ఎక్కువ, ఎక్స్‌ఛేంజ్‌ల పోటీ ఎక్కువ. అడిగితే తగ్గుతది.

ఇగ హుండీ. రేటు ఒక రూపాయి ఎక్కువిస్తడు, గంటల ఇంటి ముందట పైసలు తెచ్చిస్తడు. లేబర్ క్యాంపుల నమ్మకస్తుడే ఉంటడు. కాని ఆ పైసకు పుట్టుక కాగితం ఉండదు. రేపు ఇంటి లోన్‌కు ‘గల్ఫ్ ఆదాయం చూపెట్టు’ అంటే చూపెట్టనీకి ఏముంటది? హుండీ నడిపేటోడు పట్టుబడితే అతని లిస్టుల మీ పేరుంటది. చట్టం దృష్టిల పంపుడూ తప్పే, తీసుకునుడూ తప్పే. ఒక రూపాయి కోసం పదేండ్ల సంపాదనను లెక్కల లేని పైస చేసుకున్నట్టు అయితది.

అమెరికాల కొత్త పన్ను చెప్పే పాఠం

2026 జనవరి 1 నుంచి అమెరికాల బయట దేశాలకు పంపే పైసల మీద 1 శాతం పన్ను మొదలైంది. మొదట 5 శాతం అన్నరు, తర్వాత 3.5 అన్నరు, ఆఖరికి 1 దగ్గర ఆగింది. మన పిలగాళ్లు చాలామంది అక్కడ ఉన్నరు కాబట్టి ఇండ్లల్ల భయం పుట్టింది. కాని రూలు చదివితే అసలు ముచ్చట తెలుస్తది. ఆ పన్ను నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కు అసుంటి వాటితోని పంపేటోళ్లకే. అమెరికా బ్యాంకు ఖాతా నుంచి, అక్కడి డెబిట్, క్రెడిట్ కార్డు నుంచి పంపితే లేదు.

అంటే ఏంది? సాఫ్ట్‌వేర్ నౌకరి ఉండి, ఖాతా ఉన్నోనికి పన్ను లేదు. గ్యాస్ స్టేషన్‌ల, హోటల్‌ల నగదుకు పని చేసి, ఖాతా సక్కగ లేనోనికి పన్ను ఉన్నది. ఖాతా ఉన్నోనికి ఒక రేటు, లేనోనికి ఒక రేటు. అమెరికాల ఇప్పుడు చట్టంల రాసిన్రు. గల్ఫ్‌ల రాయకుండనే ఏండ్ల నుంచి నడుస్తున్నది.

ఖల్లివెల్లి అయితే, అప్పు చేసి వస్తే

గల్ఫ్‌ల బ్యాంకు ఖాతా అకామాకు, ఎమిరేట్స్ ఐడీకి కట్టేసి ఉంటది. గుర్తింపు కార్డు గడువు అయిపోతే బ్యాంకు ఖాతా ఆపేస్తది. కంపెనీ బాధలు పడలేక బయటపడి ఖల్లివెల్లి అయినోనికి మొదట పోయేది ఖాతా. పైసలు పంపే సీదా తోవ బందైతది. హుండీనే దిక్కయితది. ఖాతాల మిగిలిన జీతం సుత చేతికి రాదు. కంపెనీతోని లొల్లి ముదురుతున్నదనిపిస్తే, కార్డు గడువు ఉన్నప్పుడే ఖాతాల ఉన్నది ఇంటికి పంపేసుకోవాలె.

ఇంకో దిక్కు, కొద్దిగ జీతం పెరగంగనే అక్కడి బ్యాంకులు ఫోన్ చేసి మరీ లోన్లు, క్రెడిట్ కార్డులు ఇస్తయ్. తీసుకొని, కట్టకుండ విమానం ఎక్కితే అయిపాయె అనుకునే రోజులు పోయినయ్. యూఏఈ కోర్టులు సివిల్ కేసులల్ల ఇచ్చిన డిక్రీలను ఇక్కడి జిల్లా కోర్టుల అమలు చేయించుకునే మోకా ఇస్తూ మన కేంద్రం 2020 జనవరిల నోటిఫికేషన్ ఇచ్చింది. అంటే దుబాయ్ అప్పు జగిత్యాల ఇంటి మీదికి రావొచ్చు.

నామినీ: ఎవరూ అనని మాట

గల్ఫ్ నుంచి మనోళ్లు కొందరు పెట్టెల వస్తున్నరు. ఆ ముచ్చట మాట్లాడుడు అపశకునం అనుకుంటం. కాని శవం వచ్చినంక ఆ ఇంటి ఆడబిడ్డ తిరగాల్సిన బ్యాంకు మెట్ల గురించి ఆలోచించాలె. నామినీ పేరు ఉంటే మరణ ధృవీకరణ పత్రం, గుర్తింపు కార్డు పెడితే పని నడుస్తది. లేకుంటే వారసత్వ పత్రాలు, అఫిడవిట్లు, కొన్నిసార్లు కోర్టు. 2025 నవంబర్ 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాక నామినీలను పెట్టుకోవచ్చు. ఎవరికి ఎంత వాటా అన్నది సుత రాసి పెట్టొచ్చు. భార్య, అవ్వ, పిల్లలు అందరి పేర్లు రాయొచ్చు.

పదో తరగతి పాస్ కానోళ్లు గల్ఫ్‌కు పోతే ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తోని ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటది. ప్రమాదంల పోతే 10 లక్షలు. దాంట్ల సుత నామినీ పేరు సక్కగుండాలె. పెండ్లికి ముందు తీసుకున్న పాలసీల, ఖాతాల అవ్వ పేరే ఉంటది. పెండ్లయినంక మార్చుకునేటోళ్లు తక్కువ. ఇది పది నిమిషాల పని. చేయకుంటే రెండు ఇండ్ల నడుమ పదేండ్ల పగ.

సర్కారు చేయాల్సింది

ఇదంతా కూలీ నెత్తి మీదనే పెట్టుడు న్యాయం కాదు. పదో తరగతి దాటని పిలగాడు ఎన్‌ఆర్‌ఈకి, ఎన్‌ఆర్‌వోకి తేడా తనంతట తానే తెలుసుకోవాలంటే ఎట్ల? విదేశాలకు పోయెటోళ్లకు ప్రయాణానికి ముందు శిక్షణ ఇచ్చే కేంద్రాలు ఉన్నయ్. రాష్ట్ర సర్కారుకు టామ్‌కామ్ ఉన్నది. శిక్షణ అయ్యేలోపల ప్రతి ఒక్కరికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిచి, నామినీ రాయించి, పాత ఖాతాను మార్పించి పంపాలె. జన్‌ధన్ ఖాతాలకు ఊరూరా క్యాంపులు పెట్టినోళ్లకు గల్ఫ్ జిల్లాలల్ల నెలకో క్యాంపు పెట్టుడు పెద్ద పనేం కాదు. కనీస నిల్వ లేని ఎన్‌ఆర్‌ఈ ఖాతా కూలీలకు ఇయ్యాలె. ఫారాలు తెలుగుల ఉండాలె. తక్కువ జీతపోడు ఇంగ్లిష్ కాగితం మీద సంతకం పెట్టి, ఏం పెట్టిండో తెల్వకుండ విమానం ఎక్కుడు ఆగాలె.

దేశానికి వచ్చే డాలర్ల లెక్క చెప్పుకొని ప్రభుత్వాలు మురుస్తయ్. అన్ని ప్రభుత్వాలదీ అదే తీరు. ఆ డాలర్లు పంపినోని పేరు మీద ఊర్ల ఒక సక్కని ఖాతా ఉన్నదా అని మాత్రం అడుగుతలేవు. అడిగేదాక ఆగకున్రి. వచ్చే నెల మీ ఇంట్ల ఎవరన్న గల్ఫ్ పోతున్నరా? సంచి సర్దేటప్పుడు పచ్చడి సీసాతోని పాటు నాలుగు మాటలు సుత సర్దున్రి. ఎన్‌ఆర్‌ఈ తెరిచినవా? నామినీ పెట్టినవా? సిమ్ నడుస్తదా? పాత కార్డు ఎవని దగ్గరున్నది?